సందు మేడలో అరంగుళం

సత్యవేణికి అన్నిటికంటే పెద్ద భయం, పది నెలల కొడుకు ఒళ్ళు చేస్తాడేమోనని. ఎందుకంటే వాళ్ళుండే మేడ వెడల్పు ముప్పై అంగుళాలు, ఒక్కో అంతస్తులో కాపురమున్న వాళ్ళందరి మందం కలిపి ముప్పై దాటకూడదు.

మేడ మెయిన్ రోడ్డులోనే ఉంది. వెనకటికి ముగ్గురన్నదమ్ములు వాటాలు పంచుకుంటే పెద్దవాళ్ళిద్దరికీ చెరో ఇల్లూ, మూడోవాడికి ఆ ఇళ్ళ మధ్య సందూ వచ్చాయి. ఆయన పంతం కొద్దీ సందులోనే మూడంతస్తులు లేపాడు. ఆయన పోయాక ఇరవయ్యేళ్ళు పావురాలున్నాయి. నిరుడు మున్సిపాలిటీ వారు సున్నం వేసి, పురాతన కట్టడమని బోర్డు పెట్టి, మనుషులుంటేనే మేడ బతికినట్టని అంతస్తుకో కుటుంబాన్ని టేపుతో కొలిచి ఎంపిక చేశారు.

నెలకోసారి కొలతల గుమాస్తా పానకాలరావు టేపూ, ఎర్రరంగు డబ్బా పట్టుకొస్తాడు. దాటినంత మేర ఆక్రమణే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు గోడల మీద గీసినట్టే మనిషి మీద గీత గీసి, పదిహేను రోజుల్లో తొలగించుకోమంటాడు. కింది అంతస్తు బాబాయిగారు బొజ్జ మీద గీతతోనే పెళ్ళికి వెళ్ళి, వడ్డించినవన్నీ చూసి వచ్చారు.

ఈసారి మూడో అంతస్తులో సత్యవేణి పిల్లాడు అరంగుళం పెరిగాడు.

"ఏం పెడుతున్నావమ్మా వీడికి?"

"ఉగ్గేనండి. బరువు తగ్గితే అంగన్‌వాడీ టీచరుగారు ఊరుకోరండి."

"ఆవిడది బరువు. నాది వెడల్పు. పొడుగు ఎంతైనా పెంచుకో, నేనడ్డం రాను."

"గీత గియ్యకండి బాబూ. పసివాడండి."

"నాకు మాత్రం సరదానా తల్లీ? పైగా గీత గీస్తుంటే చక్కిలిగింతలని నవ్వుతారు ఈ పసివాళ్ళు."

పానకాలరావు మంచివాడు. సంచిలోంచి బదలాయింపు ఫారం తీశాడు. తల్లి తన మందంలోంచి అరంగుళం బిడ్డకు రాసివ్వొచ్చు. తండ్రులక్కూడా ఇలాంటిది ఉందిగాని, ఇంతవరకూ ఎవరూ అడగలేదని అచ్చు వేయించలేదు. సత్యవేణి ఏడో తరగతితో బడి మానేసినా సంతకం గుండ్రంగా పెట్టింది. ఆ పూటనుంచి రాత్రి అన్నం మానేసింది.

తర్వాత ఫారాలు అలవాటయ్యాయి. భర్త రెండుసార్లు ఒళ్ళు చేస్తే అదీ ఆమె వాటాలోనే సర్దారు. ఇప్పుడామె పేర రెండంగుళాలు మిగిలాయి. మేడకు ఉత్తమ నిర్వహణ ప్రశంసాపత్రం వచ్చింది. చూసినవాళ్ళు, "పిల్లల తల్లి అన్నాక ఆమాత్రం చిక్కదా," అంటున్నారు.

మీరటు వెళ్తే మూడో అంతస్తు తలుపు తట్టండి. పిల్లాడు బాగానే ఉంటాడు. ఆమె ఉందో లేదో చూడండి. పక్కకి తిరిగి ఉంటే కనబడదు. పేరు పెట్టి పిలిచి, పలికేదాకా అక్కడే ఉండండి.