గాలి బ్రేకుకు రెండు నిమిషాల మౌనం

శుక్రవారం పొద్దున బడి బస్సు డ్రైవరు ఓబళప్ప వేసుకున్న లెక్క సులువైనదే. ఆరింటికి బస్సు కింద దూరాలి, ఏడింటికల్లా గాలి ఎక్కడ కారుతున్నదో పట్టుకోవాలి, పదింటికి బడి దగ్గర తనిఖీ అధికారి ముందు బ్రేకు తొక్కి శెభాష్ అనిపించుకోవాలి. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందన్న సంగతి అప్పటికి అతనికి గుర్తు లేదు.

యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వేలం వేసిన లారీకి చెక్క గది కట్టించి, దానికి బడి బస్సని పేరు పెట్టారు హెడ్మాస్టరు రామయ్య. దాని బ్రేకు గాలితో పనిచేస్తుంది. ఇంజను తిరుగుతుంటే తొట్టెలో గాలి నిండుతుంది, ఆ గాలే చక్రాలను బిగిస్తుంది. వారం రోజులుగా ఇంజను ఆపి బ్రేకు తొక్కడమే ఆలస్యం, గాలి కొలిచే ముల్లు జారిపోతున్నది. "శుక్రవారం తనిఖీలో బస్సు తప్పితే సోమవారం నుంచి జట్కాలు మాట్లాడుకుంటాను. జట్కాకు నువ్వెందుకు చెప్పు" అన్నారు రామయ్య. ఆ మాట విన్నప్పటి నుంచి ఓబళప్పకు కాలు ఒకచోట నిలవడం లేదు.

గాలి కారే చోటు పట్టాలంటే ముందు చెవి కావాలి, తర్వాత నురగ కావాలి. చప్పుడు వినిపించిన కీలు మీద నురగ పూస్తే బుడగ లేస్తుంది. సబ్బు దొరకడం గగనమైన రోజులు. అందుకని అతను భార్య పిసికి పెట్టుకున్న కుంకుడు రసం చెంబు ఎత్తుకున్నాడు.

"అది యాడికి ఎత్తకపోతా ఉండావు?" అంది మునిలక్ష్మి.

"బస్సుకు తలంటు. నువ్వు రేపు పోసుకో."

"రేపు శనివారం."

"అట్లయితే ఎల్లుండి."

"ఎల్లుండి అమావాస్య. నాకంటే నీకు ఆ బస్సే ఎక్కువైపోయినాది" అని ఆమె బిందె తీసుకొని వీధి కొళాయికి వెళ్లిపోయింది.

వాళ్లుండే కబ్బన్‌పేట నేతగాళ్ల పేట, తెల్లవారకముందే మగ్గాలు మొదలవుతాయి. ఓబళప్ప తొట్టె నిండా గాలి పట్టించి, ఇంజను ఆపి, బ్రేకు పెడలు మీద కర్ర అదిమిపెట్టి బస్సు కిందికి దూరాడు. ఎడమకాలి చెప్పు ఊడిపోతే వదిలేశాడు. నములుతున్న తాంబూలం చప్పుడు తన చెవులకే అడ్డం వస్తున్నదని రోడ్డు మీద ఉమ్మేశాడు. ముందు చక్రాల దగ్గర ప్రతి కీలుకూ నురగ పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. వెనక్కి పాకి ఊపిరి బిగబట్టి వింటుంటే, మగ్గాల సందున ఎక్కడో సన్నగా సుయ్‌మన్నట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి నంజమ్మ వచ్చింది.

"ఓబళప్పా, బస్సు బాగైనాదా?"

పలికితే ఆ చప్పుడు జారిపోతుంది. ఓబళప్ప పలకలేదు.

"ఏమప్పా, నిన్నే."

అయినా పలకలేదు. నంజమ్మ చీపురుపుల్ల తెచ్చి, బస్సు కింద నుంచి బయటికి కనిపిస్తున్న అరికాలు గీరింది. ఓబళప్పకు చక్కిలిగిలి జాస్తి, అయినా పళ్లు బిగించి కాలు కదలనివ్వలేదు. ఆమె చీపురుపుల్ల పారేసి కొళాయి వైపు పరుగెత్తింది.

ఇంతలో మగ్గాలన్నీ ఒక్కసారే ఊపందుకున్నాయి. దొరికినట్టే దొరికిన సుయ్ కాస్తా మాయమైంది. విసిగిపోయిన ఓబళప్ప, బడి వెనక షెడ్డులోనైనా ప్రశాంతంగా ఉంటుందని, ఒంటిచెప్పుతోనే బస్సెక్కి నడక వేగంతో తోలుకుపోయాడు.

మునిలక్ష్మి, నంజమ్మ రొప్పుతూ వచ్చేసరికి బస్సు లేదు, మనిషి లేడు. రోడ్డు మీద ఒక చెప్పు, ఎర్రటి మరక, కాస్త నురగ ఉన్నాయి.

"నెత్తురు" అంది నంజమ్మ. "నోట్లోంచి నురగ కూడా వచ్చినట్టు ఉండాది."

"మరి బస్సు యాడికి పోయినాది, అక్కా?"

"ఎవురో పుణ్యాత్ముడు ఆ బస్సులోనే ఏసుకొని ఆస్పత్రికి పోయింటాడు."

ఏ ఆస్పత్రో బడిలో తెలుస్తుందని ఇద్దరూ అటు పరుగెత్తారు. వీధి మలుపులో అడిగినవాళ్లకు ఓబళప్ప కాళ్లు కదల్లేదని నంజమ్మ చెప్పింది. సంత దగ్గర అడిగినవాళ్లకు ఊపిరి లేదని చెప్పింది. బడి గేటు చేరేసరికి ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు, మునిలక్ష్మి ఏడుపే అంతా చెప్పింది.

రామయ్యకు మనసు మెత్తన, ఉపన్యాసమంటే ప్రాణం. వెంటనే గంట కొట్టించారు. మూడు వందల మంది పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. ముందుగానే వచ్చిన తనిఖీ అధికారి టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"అంత జాగ్రత్త గల డ్రైవరు మైసూరు సంస్థానమంతా వెతికినా దొరకడు" అన్నారు రామయ్య. "బతికుంటే ఆయన్ను ఈ బడి చచ్చేదాకా వదిలేది కాదు. ఈ రోజు బడికి సెలవు. ముందు రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

వెనక షెడ్డులో ఓబళప్ప ఏడవడమే తక్కువ. మళ్లీ గాలి పట్టించి, కర్ర అదిమి, కింద పడుకున్నాడే గాని, మగ్గాలు తప్పించుకొని వచ్చి ఎక్కాల పాలబడ్డాడు. పదమూడో ఎక్కం, ఆపైన గంట, ఆపైన ఎవరిదో ఉపన్యాసం. ఇక జట్కావాళ్లదే రాజ్యమనుకుంటుండగా లోకమంతా గప్‌చిప్ అయిపోయింది. వెనక ఎడమ చక్రం దగ్గర, రబ్బరు గొట్టం మెలికలో, సుయ్. చెంబులో మిగిలిన నురగ పూశాడు. ఉసిరికాయంత బుడగ లేచింది.

మొహం నిండా నురగతో, ఒంటిచెప్పుతో ఓబళప్ప వరుసల మధ్యకు పరుగెత్తుకొచ్చాడు.

"దొరికింది సార్. వెనక ఎడమ గొట్టం."

రామయ్య అలవాటు కొద్దీ గడియారం చూసి, "ఇంకా అర నిమిషం ఉంది" అన్నారు.

మునిలక్ష్మి వచ్చి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే తిట్టింది.

"నంజమ్మక్క అంత పిలస్తా ఉంటే ఒక్క మాట పలికితే నీ సొమ్మేం పోతుండె?"

"పలికితే సద్దు పోతుండె" అన్నాడు ఓబళప్ప. ఆమె కొంగు తడిసి ఉండడం చూశాక, తనకోసం ఇంతగా ఏడ్చిందని అర్థమై, అతనికీ కళ్లు చెమర్చాయి.

పావుగంటలో గొట్టం మార్చాడు. ఇంజను ఆపి బ్రేకు తొక్కినా గాలి ముల్లు మేకు కొట్టినట్టు నిలిచింది. అధికారి సంతకం పెట్టి, "మీరన్నట్టే మాస్టారూ, ఇలాంటివాడు మళ్లీ దొరకడు" అన్నాడు. మూడు వందల మంది సాక్షుల ముందు అన్న మాట మింగే దారి లేక రామయ్య తల ఊపారు. జట్కాల ఊసు ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

సెలవు మాత్రం వెనక్కి తీసుకోవడం కుదరలేదు. పిలిచి చెబుదామంటే ఆవరణలో ఒక్క పిల్లవాడూ లేడు. సోమవారం నుంచి పిల్లలు బస్సెక్కేటప్పుడల్లా ఓబళప్ప ఆరోగ్యం అడగడం మొదలుపెట్టారు, పరీక్షలు దగ్గరపడేకొద్దీ మరింత ఆశగా.