ఆటో ఎక్కని రమణబాబు

"మనిషికి రెండు కళ్లు దేవుడిస్తాడు. మూడోది మాత్రం సొంత సంపాదనతో కొనుక్కోవాలి!"

రెండువేల ఆరో సంవత్సరం, వేసవి మొదట్లో ఒక ఆదివారం పొద్దున, పద్మారావు నగర్‌లో తన అద్దె ఫ్లాటు బాల్కనీలో నిలబడి రమణబాబు ఈ ప్రకటన చేశాడు. ఆ సమయానికి శ్రోతలు ఇద్దరే. భార్య కనకలక్ష్మి కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. తల్లి మరిడమ్మ వక్క కత్తిరిస్తోంది.

"మూడో కన్నా? ఎవుల్ని కాల్సేద్దామనిరా?" అంది మరిడమ్మ కంగారుగా.

"కెమెరా అమ్మా! డిజిటల్ కెమెరా!"

"అదా! నానింకేటో అనుకున్నాను." ఆవిడ మళ్లీ వక్క మీద పడింది.

రమణబాబు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. అనకాపల్లి నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. ఇన్నేళ్లలో ఆయనకు కెమెరా లేదన్న లోటు ఎన్నడూ తెలియలేదు. పై అంతస్తులోకి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు దిగాక తెలిసింది. వాళ్లు పుట్టినరోజు కేకును ముందు కెమెరాతో తీసి, తర్వాతే కత్తితో కోసేవాళ్లు. ఒకరోజు లిఫ్టులో వాళ్లలో ఒకడు, "అంకుల్, మీది ఎంత? మాది ఐదు" అన్నాడు. వయసు అడుగుతున్నాడనీ, ఐదన్నది ఇంటి నంబరనీ అనుకుని రమణబాబు "నలభై ఆరు" అన్నాడు.

"నలభై ఆరు మెగాపిక్సెల్సా!"

లిఫ్టు ఆగేదాకా ఆ కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో రమణబాబుకు అంత మర్యాద ఎక్కడా దక్కలేదు. మెగాపిక్సెల్ అంటే ఏమిటో తెలియకపోయినా, దాన్ని వదలకూడదని మాత్రం ఆయన అప్పుడే తీర్మానించుకున్నాడు.

ఇక ఎంపిక మొదలైంది. ఆఫీసు పద్ధతిలోనే జరిగింది. "విషయం: కెమెరా కొనుగోలు గురించి" అని ఒక ఫైలు తెరిచాడు. పదిహేడు గళ్లతో తులనాత్మక పట్టిక గీశాడు. రాసినవారు రమణబాబు, పరిశీలించినవారు రమణబాబు, ఆమోదించవలసినవారు రమణబాబు. మూడుసార్లు ఆయన ఆ ఫైలును మరిన్ని వివరాలు కోరుతూ తనకు తానే తిప్పి పంపుకున్నాడు!

సలహాలకు లోటు రాలేదు. పక్క సీటు ఏసురత్నం, "పిక్సెల్ ఎంత ఎక్కువుంటే మనిషి అంత తెల్లగా వస్తాడండీ" అన్నాడు. బన్సీలాల్‌పేట్‌లో ఫోటో స్టూడియో నడిపే సోమయ్య మాత్రం నవ్వాడు.

"పిక్సెల్ గిక్సెల్ తోని పరేషాన్ గాకు సార్. కెమెరా సుత కడాయి లెక్కనే. కూర రుచి వండేటోని చేతుల ఉంటది. జెర చిన్నది తీస్కో, రోజు తియ్యి. అదే వస్తది."

ఈ సలహా రమణబాబుకు పూర్తిగా అర్థమైంది. కాబట్టి నచ్చలేదు. అర్థం కాని సలహా కోసం ఆయన ఇంకా ముందుకు వెళ్లాడు.

ఈలోగా కనకలక్ష్మి తమ్ముడు సూరి ఒక సాయంత్రం మాదాపూర్ నుంచి వచ్చాడు. వెండిరంగులో మెరిసే చిన్న కెమెరా ఒకటి అక్క చేతిలో పెట్టాడు.

"ప్రాజెక్టు అయిపోయిందని కంపెనీలో తలొకటి ఇచ్చారక్కా. నాకు ముందే ఉంది కదా. ఈ గుండ్రటిది తిప్పి పచ్చ బొమ్మ మీద పెట్టు. ఇక్కడ నొక్కు. అంతే."

"అంతేనా?"

"అంతే."

రమణబాబు గొంతు సవరించుకున్నాడు. "అది నాకు ఇవ్వొచ్చు కదోయ్?"

"మీ ఫైలు ఇంకా ఆమోదం కాలేదు కదా బావా!" అన్నాడు సూరి.

రమణబాబు ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి, "సబ్బుపెట్టెలా ఉంది" అని తేల్చేశాడు. ఆ మర్నాటి నుంచీ కనకలక్ష్మి సబ్బుపెట్టెతో పాలవాణ్ణీ, పూలమ్మే ఆవిడనీ, కుక్కర్ మీద ఆవిరినీ తీయడం మొదలుపెట్టింది. ఆయన చూడనట్టు పేపరు చదువుకునేవాడు.

అర్థం కాని సలహా చివరికి బొల్లారంలో దొరికింది. అక్కడ రామకృష్ణ గారని ఒక రిటైర్డు అధికారి ఉన్నారు. ఆయన "దక్కన్ ఛాయాచిత్ర కళా పరిషత్తు, సికింద్రాబాద్ శాఖ"కు అధ్యక్షులు. మిగతా శాఖలు ఇంకా పుట్టలేదు. ఆయన కాక శాఖలో సభ్యులు పదకొండు మంది. అందరి మెడల్లోనూ పసిబిడ్డంత కెమెరాలు. అందరూ ఒకరి కెమెరాను ఒకరు మెచ్చుకుంటున్నారు. ఫోటోలు మాత్రం ఎవరూ ఎవరికీ చూపించడం లేదు.

"మా నియమావళిలో ఏడో నియమం, లెన్సు విప్పి బిగించే కెమెరాయే వాడాలి. ఎనిమిదో నియమం, ఆటో నిషిద్ధం!" అన్నారు రామకృష్ణ గారు. "ఆటోలో తీసింది ఫోటో కాదు రమణబాబు గారూ, జిరాక్సు! వెలుగు మనమే కొలవాలి, వేగం మనమే నిర్ణయించాలి. అపర్చరు అనేది ఆత్మ. షట్టరు అనేది శ్వాస. ఏమంటారు?"

ఒక్క ముక్క అర్థం కాలేదు. రమణబాబు కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రమే ఫైలు ఆమోదం పొందింది. వారం తిరిగేసరికి పెద్ద కెమెరా ఇంటికొచ్చింది, పరిషత్తు సభ్యత్వమూ దక్కింది.

పెద్ద కెమెరా డయలు మీద కూడా ఒక పచ్చ బొమ్మ, అంటే కెమెరాయే అంతా చూసుకునే ఆటో గుర్తు, ఉంది. రమణబాబు దాని వంక కన్నెత్తి చూడలేదు. గురువుగారు చెప్పినట్టు అంతా చేత్తోనే. మాన్యువల్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వెలుగు కొలిచి, వేగం నిర్ణయించి, ఆత్మను తిప్పి, శ్వాసను బిగించి తలెత్తేసరికి ఎదుటి మనిషి వెళ్లిపోయేవాడు. ఆగి ఉండేది కొబ్బరిచెట్టు ఒక్కటే. అది కూడా పరుగెత్తుతున్నట్టు వచ్చింది. రెండు నెలల్లో నాలుగు వందల ఫోటోలు తీశాడు. సగం చీకటి, సగం తెలుపు.

మరిడమ్మ వాటిని కంప్యూటర్లో ఓపిగ్గా చూసింది. "నల్ల డబ్బా కొన్నావు. నల్లగా రాక ఇంకెలగొస్తాదిరా?" అంది. కొడుకును ఓదార్చడమే ఆవిడ ఉద్దేశం.

అప్పుడు పరిషత్తు పోటీ ప్రకటించింది. అంశం: వదనం. కొత్త సభ్యుడు ఒక్క ఫోటో అయినా పెట్టకపోతే బాగుండదని రామకృష్ణ గారు ఫోన్ చేసి మరీ చెప్పారు. రమణబాబు నాలుగు వందల ఫోటోలూ మళ్లీ వెతికాడు. వదనం అనదగినది ఒక్కటే కనిపించింది. అది కూడా ఏసురత్నం వీపు అని తర్వాత తేలింది.

ఆ వారమే ఒకరోజు మేడ మీద మరిడమ్మ వడియాలు పెడుతోంది. కాకి ఒకటి వచ్చి వడియం ఎత్తుకుపోయింది. ఆవిడ కర్ర ఎత్తి దాని వంశమంతటినీ తిట్టి, ఆ తిట్లకు తనకే నవ్వొచ్చి, పళ్లులేని నోరంతా తెరిచి నవ్వింది. కనకలక్ష్మి చేతిలో సబ్బుపెట్టె ఉంది. నొక్కింది. సాయంత్రం ఆ బొమ్మను రమణబాబు పేపరు పక్కన పెట్టి మరీ చూశాడు. తల్లి అంత బాగా నవ్వుతుందని ఆయనకు నలభై ఆరేళ్లుగా తెలియదు.

"దీన్ని పెద్ద ప్రింటు వేయించనా?" అన్నాడు మెల్లగా.

"వేయించండి! అత్తయ్య గదిలో పెడదాం" అంది కనకలక్ష్మి. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

సోమయ్య ప్రింటు తీసి, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు. "మస్తుంది సార్! ఎవరు తీసిన్రు?"

"మా ఇంట్లోదే" అన్నాడు రమణబాబు. అందులో అబద్ధమేమీ లేదు కదా! ఆయన దారిపొడుగునా లెక్క చూసుకున్నాడు. తల్లి తనది. మేడకు అద్దె కట్టేది తను. మినప్పప్పు తెచ్చింది తను. ఇన్ని తనవైనప్పుడు, నొక్కిన వేలు ఎవరిదన్నది కేవలం సాంకేతిక విషయం. పోటీ ఫారంలో తన పేరు రాశాడు. వెలుగు, వేగం వివరాల గడిలో ఎఫ్ ఎనిమిది, సెకనులో రెండువందల యాభయ్యో వంతు అని నింపాడు. ఆ అంకెలు పుస్తకం ముప్ఫయ్యో పేజీలో ఉన్నాయి.

దానికే మొదటి బహుమతి వచ్చింది!

బహుమతి ప్రదానం పద్మారావు నగర్ కమ్యూనిటీ హాల్లో. కుటుంబ సమేతంగా రమ్మన్నారు. కుటుంబాన్ని ఇంట్లో వదిలేయడానికి రమణబాబు చాలా కారణాలు చెప్పాడు కానీ, మరిడమ్మ అప్పటికే పట్టుచీర కట్టేసింది. పోటీ ప్రింట్లన్నీ తనే వేశాడు కాబట్టి సోమయ్య కూడా వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు.

హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద మరిడమ్మ నవ్వుతోంది. కింద చీటీ. కనకలక్ష్మి దగ్గరికి వెళ్లి ఆ చీటీని చదివింది. రెండుసార్లు చదివింది. భర్త వైపు తిరగలేదు. పమిట సర్దుకుని వెళ్లి మూడో వరుసలో కూర్చుంది. మెడలో వేలాడుతున్న కెమెరా బరువు రమణబాబుకు మొదటిసారి తెలిసొచ్చింది.

రామకృష్ణ గారు మైకు అందుకున్నారు. "ఈ వెలుగు చూడండి! ఈ లోతు చూడండి! ఎఫ్ ఎనిమిది! ఇది ఆటో చేయగలిగిన పనా? ఇది సాధన! ఇప్పుడు ఈ ఛాయాచిత్రంలోని మాతృమూర్తిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను."

మరిడమ్మను చెయ్యిపట్టి తెచ్చారు. రమణబాబు ఆవిడ పక్కన నిలబడ్డాడు. రామకృష్ణ గారు మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టారు. "అమ్మా, మీ అబ్బాయి ఈ ఫోటో తీస్తున్నప్పుడు మీకేమనిపించింది?"

"మావోడా?" అంది మరిడమ్మ ఆశ్చర్యంగా. "ఈడెక్కడున్నాడు బాబూ ఆయేల! కింద గదిలో కూకొని ఆ నల్లడబ్బా పుస్తకం సదువుతన్నాడు. ఇది తీసింది నా కోడలు. ఒక్క నొక్కు నొక్కింది. కాకి అవతల మేడ దాటకముందే అయిపోనాది!"

హాల్లో తలలన్నీ రమణబాబు వైపు తిరిగాయి.

అధ్యక్షులవారు అనుభవజ్ఞులు. వెంటనే నవ్వేశారు. "పెద్దావిడ! ఈ వయసులో మరుపు సహజం. అంతే కదా రమణబాబు గారూ?"

తల ఊపితే చాలు. అంతే. రమణబాబు తల సగం కదిలింది కూడా. అప్పుడు తల్లి ముఖం కనిపించింది. మంచిమాటే చెప్పాను కదా, ఎందుకు నవ్వుతున్నారు అన్నట్టు ఆవిడ బిక్కమొహం వేసుకుని చూస్తోంది. మూడో వరుసలో కనకలక్ష్మి నేల చూస్తోంది.

"మా అమ్మ ఏదీ మరిచిపోలేదండీ" అన్నాడు రమణబాబు. "ఆ ఫోటో మా ఆవిడే తీసింది. చీటీ మీద నేను రాసిందంతా అబద్ధం. మా బావమరిది ఇచ్చిన చిన్న కెమెరా అది."

గుసగుసలు బయల్దేరాయి. ఏడో నియమం, ఎనిమిదో నియమం! రామకృష్ణ గారు కనకలక్ష్మిని వేదిక మీదికి పిలిపించి, న్యాయమూర్తిలా అడిగారు.

"ఏ మోడ్‌లో తీశారమ్మా?"

"మోడంటే నాకు తెలీదండీ. పచ్చ బొమ్మ మీద పెట్టి నొక్కాను." ఆవిడ భయంగా చూసింది. "తప్పాండీ?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చూసి పెద్దాయన మనసు కరిగింది. మైకును అరచేత్తో మూసి, ముందుకు వంగి, రహస్యంగా ఓదార్చారు. "తప్పేం లేదమ్మా. నాదీ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కదపాలంటే నాకూ భయమే!"

ఆయన అరచెయ్యి మూసింది మైకు తోకను. తలను కాదు. ఆ మాట నాలుగు స్పీకర్లలోంచి హాలంతా మోగింది.

వేదిక మీద నిలబడ్డ రమణబాబుకు ముందు వరుస స్పష్టంగా కనిపించింది. మిగతా పరిషత్తు సభ్యులంతా అక్కడే కూర్చున్నారు. ఎవరూ ఎవరివైపూ చూడలేదు. పదకొండు బొటనవేళ్లు మాత్రం చప్పుడు లేకుండా జరిగి పదకొండు డయళ్లను కప్పేశాయి.

రమణబాబు మెడలోని కెమెరా వంక చూసుకున్నాడు. దాని డయలు మాన్యువల్ మీదే, అంతా చేత్తో తిప్పుకోవలసిన గుర్తు మీదే ఉంది. కొన్ననాటి నుంచీ అక్కడే ఉంది! ఎనిమిదో నియమాన్ని అక్షరాలా పాటించినవాడు పరిషత్తు మొత్తంలో తనొక్కడే. ఆ నాలుగు వందల ఫోటోల చీకటికీ, తెలుపుకూ అదే కారణం.

ఆయన జేబులోంచి కలం తీసి గోడ దగ్గరికి నడిచాడు. చీటీ మీద తన పేరు కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో "శ్రీమతి కనకలక్ష్మి" అని రాశాడు. ఎఫ్ ఎనిమిది కూడా కొట్టేశాడు. దాని పక్కన "పచ్చ బొమ్మ" అని రాశాడు.

అప్పుడు వెనక వరుసలోంచి సోమయ్య లేచాడు.

"గట్లయితే సార్, వీళ్లంత ఆటోల వచ్చిన్రు. మీరొక్కరే పాపం నడుచుకుంట వచ్చిన్రు!"

కనకలక్ష్మి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, ఆగలేక, పైకే నవ్వేసింది. అత్తగారిని మించిన నవ్వు! దాన్ని పట్టుకోవడానికి ముందు వరుసలో పదకొండు పెద్ద కెమెరాలు ఉన్నాయి. ఒక్కటీ పైకి లేవలేదు. లేవాలంటే బొటనవేలు తీయాలి కదా!