గుర్రు గగనారోహణం

తూర్పు దిక్కు ఎర్రబారుతూ, పొగమంచు తెరలు తెరలుగా తొలగుతూ, అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుని జనసముద్రాన్ని గుక్కెడు గుక్కెడుగా మింగుతూ, వేయి పెట్టెల చక్రాల గరగరధ్వని రణభేరియై దిక్కులు పిక్కటిల్లజేస్తూ ఉన్న ఒకానొక మహాప్రభాతాన, కుడిచేత టిక్కెట్టు, ఎడమచేత వలకిటికీల సంచి ధరించి విమానాశ్రయ ద్వారాన సాక్షాత్కరించిన ఆ మహావీరుణ్ణి చూడండి, వినండి, వీలైతే కాస్త పక్కకు జరిగి దారి ఇవ్వండి!

ఆయన ఎవరనుకున్నారు? ఉద్యోగమున్నన్నాళ్ళూ సిటీ బస్సులో కండక్టరుగా వెలిగి ఈమధ్యనే రిటైరైన చిల్లరసంగ్రామధురంధరుడు, ఫుట్‌బోర్డుజనభయంకరుడు, దొంగపాసులపాలిటి సింహస్వప్నం. మరి ఆ సంచిలో ఉన్నదెవరనుకున్నారు? నతనాసికుడు, వళీభంగలలాటుడు, మెలకువలో కూడా గురకపెట్టగల ఏకైక ధీరుడు, ముసలి పగ్ జాతి శునకరాజు. పేరు గుర్రు.

ఈ ఇద్దరినీ సమరాంగణానికి తరిమింది ఒక శాసనం. కండక్టరుగారి భార్య ఆస్పత్రిలో హెడ్ నర్సు. దూరనగరానికి బదిలీ అయి, ముందుగా వెళ్ళి ఇల్లు కుదుర్చుకుని, ఫోనులో ఇలా ఆజ్ఞాపించింది:

"గుర్రు మీ కాళ్ళ దగ్గరే రావాలి. కింద సామాన్లతో పాటు వేసి తెచ్చారో, మీరు కూడా ఇక్కడ స్టోర్ రూములోనే పడుకోండి. దానికసలే ఊపిరి సరిగ్గా ఆడదు. ఆ చీకట్లో ఒక్కటే ఏమైపోతుందో ఏమో."

చివరి మాట దగ్గర ఆవిడ గొంతు వణికింది. ఎన్నో ఆపరేషన్లు చూసి కూడా వణకని గొంతు అది. కండక్టరుగారికి ఆజ్ఞ కన్నా ఆ వణుకే గట్టిగా తగిలింది. రైలు ఎక్కిద్దామంటే ఎండల్లో రెండు రోజుల ప్రయాణం, ఆ ముసలి ఊపిరి తట్టుకోలేదు.

యుద్ధానికి ముందు దుర్మంత్రాంగం నడపడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ పదవిని బామ్మర్ది అలంకరించాడు.

"బావా, చాలా ఈజీ. కళ్ళు కనపడనివాళ్ళకి దారి చూపించే కుక్కలకి ఓ కోటు వేస్తారు చూడు, అలాంటిది ఆన్‌లైన్లో దొరుకుతుంది. తొడిగేశామంటే ఇంక ఎవడూ నోరెత్తడు."

"దొంగ పాసులు పట్టుకుని పట్టుకుని నా వేళ్ళు అరిగిపోయాయిరా. ఇప్పుడు నా కుక్కకే దొంగ పాసు పెట్టనా? రేపు నిజంగా చూపు లేని ఆయన కుక్కతో వస్తే, ఇదీ దొంగదేనేమో అని ఆయన్ని నిలబెట్టేస్తారు."

"పోనీ నిద్రమాత్ర వేసేయ్. హాయిగా పడుకుంటుంది."

"కుక్కల డాక్టరు వద్దన్నాడు. అంత ఎత్తులో, మత్తులో ఊపిరి తప్పితే దాని బాధ ఎవరికి తెలుస్తుంది? గుర్రు పెడుతోందంటే బతికుందని గుర్తు. ఆ గురక నాకు కావాలి."

దుర్మంత్రాంగం అలా మట్టికరిచింది. తర్వాత తూకమనే తొలి రణం. కుక్కా సంచీ కలిపి విమానంవాళ్ళు పెట్టిన బరువు దాటరాదు. కొన్ని వారాలుగా గుర్రు బిస్కెట్లు మానేసింది, దానికి తోడుగా కండక్టరుగారూ మానేశారు. కౌంటరు దగ్గర సంచిని తూకం మీద పెట్టినప్పుడు ఆయన ఊపిరి బిగబట్టారు, అదేదో తన ఊపిరి కూడా లెక్కలోకి వస్తుందన్నట్టు. అంకె గీత మీద నిలబడి, కాసేపు ఊగిసలాడి, ఇవతలికే వచ్చింది.

"సంచి ముందు సీటు కింద పెట్టాలి సార్. జిప్ తీయకూడదు. ఒళ్ళో పెట్టుకోకూడదు" అంది కౌంటరు అమ్మాయి.

"నేనూ ఇలాంటి రూల్సే చెప్పి బతికినవాణ్ణమ్మా" అన్నాడాయన, పొంగిపోతూ.

ఆ పొంగుకు ఇంకో కారణం ఉంది. జన్మలో ఇదే ఆయన తొలి విమానయానం. ఉద్యోగమంతా నిలబడే తిరిగిన మనిషి, కిటికీ సీట్లు ఇతరులకు చూపించి చూపించి అలసిన మనిషి, ఈసారి అదనంగా డబ్బు కట్టి మరీ ముందు వైపు వరసల్లో కిటికీ సీటు తీసుకున్నాడు. మేఘాలను పైనుంచి చూడాలని ఆయనకు చిన్నపిల్లాడంత ఆశగా ఉంది.

ఆశ తీరా కూర్చుని, సంచిని కాళ్ళ ముందు సర్దుకున్నంతలోనే, మధ్య సీటును ఆక్రమించిన లెక్కల మాస్టారి ముఖమండలం వికటించింది, కనుబొమలు గగనానికెగశాయి, నాసాపుటాలు ప్రళయమేఘాల్లా ఉబ్బాయి, మరుక్షణం విమానం రెక్కలు సైతం అదిరినట్టనిపించిన తుమ్మొకటి వెలువడింది. దాని వెనకే రెండోది. మూడోది. సంచిలోంచి గుర్రు మర్యాదగా ఒక గురకతో జవాబిచ్చింది.

మాస్టారు కళ్ళు తుడుచుకుని కిందికి చూశాడు.

"కుక్కా? నాకు కుక్క పడదండీ! ఊపిరి పట్టేస్తుంది. అయినా జీవాల్ని తెచ్చి మనుషుల మధ్య ఎక్కించడమేంటి? టిక్కెట్టు కొన్నవాళ్ళు ఏమైపోవాలి?"

కండక్టరుగారు సంచిని కాళ్ళతో తన వైపు లాక్కున్నారు. ఆ మాట తనది. అక్షరం పొల్లుపోకుండా తనదే. మేకపిల్లలతో, కోళ్ళగంపలతో బస్సెక్కబోయిన ఎంతమందినో అదే మాటతో ఆయన కిందికి దింపాడు. తన ఆయుధం తన మీదికే తిరిగొస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది. అన్నిటికన్నా కష్టమేమిటంటే, మాస్టారి మాటలో న్యాయముంది. ఆయన కళ్ళు నిజంగానే ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి.

ఎయిర్ హోస్టెస్ వచ్చింది. సంగతి విని, వరసల మధ్య నిలబడి "ఎవరైనా సీటు మారతారా అండీ?" అని గట్టిగా అడిగింది. అంతవరకు ఆమెనే చూస్తున్న విమానం విమానమంతా తటాలున ఫోన్లలో మునిగిపోయింది.

ఆమె వంగి మెల్లగా అంది: "సార్‌కి అలర్జీ కదండీ, కుక్కని దూరంగా ఉంచాల్సిందే. ఎవరూ మారకపోతే మీరు దిగాలి. తర్వాతి ఫ్లైట్ చిన్నది. అందులో కుక్కల్ని లోపలికి రానివ్వరు, కింద సామాన్ల దగ్గరే."

సామాన్ల దగ్గర. ఆ మాట వినగానే ఆయన చెవుల్లో నర్సమ్మ గొంతు వణికింది. అప్పుడా వీరుడు తనలో తాను ఇలా పలికెను:

"ఓయీ చిత్తమా! జీవములకు బస్సులో చోటు లేదని ఏ నోట గర్జించితివో, ఆ నోట నేడు బదులేల రాదు? ఈ మాస్టారి ముక్కును కాదనుటకు నీకు అధికారమెక్కడిది? ఆ ముక్కునకును టిక్కెట్టు కలదు, ఈ సంచిలోని ముక్కునకును టిక్కెట్టు కలదు. రెండు ముక్కులకును గాలి కావలెను. కావున వాదము వలదు. సర్దుబాటే ధర్మము! సర్దుబాటే నీ కులవిద్య!"

పైకి మాత్రం, "అమ్మా, ఒక్క ఐదు నిమిషాలివ్వండి. ఎక్కినవాళ్ళని సర్దడం నా పని" అని లేచాడు.

గుంపును ఒక్కసారిగా అడిగితే ఎవరూ పలకరని బస్సు ఆయనకు ఏనాడో నేర్పింది. ఒక్కొక్కరి దగ్గరికే వెళ్ళాలి. వాళ్ళకేం కావాలో వాళ్ళకన్నా ముందు మనం కనిపెట్టాలి. అదే వరసలో ఈ చివర కూర్చున్న మామ్మగారు, విమానం కదలకముందే రెండుసార్లు బాత్రూంకి వెళ్ళొచ్చి మోకాళ్ళు నొక్కుకుంటున్నారు.

"మామ్మగారూ, చివరి వరసలో అయితే చెయ్యి చాపితే బాత్రూం తలుపు. కాకపోతే పక్కన నేనుంటాను, నాతో కుక్క ఉంటుంది."

"కరుస్తుందా నాయనా?"

"లేదండీ. గుర్రు పెడుతుంది."

"మా ఆయనా అదే చేసేవాడు. మోకాళ్ళు పట్టేశాయి, కాస్త చెయ్యి అందుకో. పద."

ఒక కోట పడింది. చివరి వరసలో కొత్త దంపతులున్నారు. కిటికీ పక్కన లావుపాటి పెద్దమనిషి అప్పటికే నిద్రలో ఉన్నాడు.

"మాకిక్కడే బాగుంది సార్" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు, మాట పూర్తికాకముందే.

"బాగానే ఉంటుంది బాబూ. కానీ ఆ తలుపు తీసినప్పుడల్లా అమ్మాయి ముక్కు మూసుకుంటోంది, చూశావా? ముందు వైపు పక్కపక్కనే రెండు సీట్లిస్తాను. టీ బండి ముందు మీ దగ్గరికే వస్తుంది. దిగేటప్పుడూ ముందు మీరే."

"నేను ఇందాకట్నించీ చెప్తూనే ఉన్నాను. లేవండి" అంది పెళ్ళికూతురు, భర్త వైపు చూస్తూ. రెండో కోట అలా ఇంటివాళ్ళ తిరుగుబాటుతోనే కూలింది.

నిద్రపోతున్నవాడైనా సరే, అడగకుండా కుక్కను పక్కన పెట్టడం అన్యాయమని కండక్టరుగారు పెద్దమనిషి భుజం తట్టారు. "సార్, కుక్క పడుతుందా మీకు?"

ఆయన ఒక కన్ను తెరిచాడు. "నన్ను లేపకుండా ఉంటే ఏదైనా పడుతుంది" అని ఆ కన్నూ మూశాడు.

మళ్ళీ ముందుకొచ్చి వీరుడు తన సీటు వైపు చూశాడు. కిటికీలోంచి లేత ఎండ పడుతోంది. గుండె కలుక్కుమంది, దాచడమెందుకు.

"మాస్టారూ, మీరు కిటికీ దగ్గరికి జరగండి. అమ్మాయి తడిగుడ్డతో సీటు తుడిచేస్తుంది."

"అది మీరు డబ్బు కట్టి తీసుకున్న సీటు కదండీ?" అన్నాడు మాస్టారు, కాస్త ఇబ్బందిగా.

"మీ ముక్కు కూడా డబ్బు కట్టే ఎక్కింది కదండీ. మీరన్నది నిజం. నేనైనా అదే అనేవాణ్ణి, చాలాసార్లు అన్నాను కూడా."

ఇక మొదలైంది మహావ్యూహచలనం! ముందువారు వెనక్కి, వెనకవారు ముందుకి, సంచులు నెత్తుల మీదుగా, మోచేతులు పక్కటెముకల్లోకి, ఒక చెప్పు ఎవరిదో ఎవరి కిందో చిక్కి, ఆ ఇరుకుదారి కురుక్షేత్రమైన వేళ, అందరి తలల మీదుగా ఒక కంఠం మేఘగంభీరంగా మోగింది.

"కొంచెం లోపలికి జరగండమ్మా! కాళ్ళు ముడుచుకోండి బాబూ! మామ్మగారికి దారి, దారి!"

ఆ కంఠానికి జనం ఎందుకు లోబడతారో జనానికే తెలియదు. జరిగారు. ముడుచుకున్నారు. దారి ఇచ్చారు. హోస్టెస్ నవ్వాపుకోలేక తడిగుడ్డ నోటికి అడ్డం పెట్టబోయి మానుకుంది.

చివరి వరసలో మధ్య సీటు. కుడిపక్క మామ్మగారు, ఎడమపక్క నిద్రాపరవశుడైన పెద్దమనిషి, వెనక బాత్రూం గోడ. కండక్టరుగారు మోకాళ్ళ మీద కూర్చుని సంచిని ముందు సీటు కిందికి తోశారు. జానెడు మేర వెళ్ళి ఆగింది. లోపలి శునకరాజు అటు తిరిగి, ఇటు తిరిగి, ఒళ్ళు సర్దుకుంది. మళ్ళీ తోశారు. వెళ్ళింది. వలకిటికీకి చెవి ఆనించి విన్నారు. గుర్రు... గుర్రు... గుర్రు. ఎడమవైపు నుంచి పెద్దమనిషి శ్రుతి కలిపాడు.

జయము! జయము! ఒక్క బొట్టు రక్తం చిందకుండా, ఒక్క అబద్ధం ఆడకుండా, ఒక్క కిటికీ తప్ప వేరేదీ పోగొట్టుకోకుండా, మూడు జానలు లేని స్థలంలో ఒక శునకానికి ఒక సంచెడు సామ్రాజ్యం గెలిచిన ఆ వీరుడికి జయము! దూరాన మాస్టారు ఆఖరుసారి ముక్కు చీది, ఊపిరి హాయిగా పీల్చి, వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు.

హోస్టెస్ ఆ చివర నుంచి ఈ చివరకు తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి, అందరూ కూర్చున్నారని చూసుకుంది. కండక్టరుగారూ మెడ చాచి చూశారు. నిలబడ్డవాళ్ళు లేరు, తలుపు మూసుంది, జనమంతా సర్దుకున్నారు. ఇక ఆయన వశంలో ఆయన లేడు. అరచేత్తో వెనకగోడ మీద రెండు దెబ్బలు కొట్టి, విమానం ముక్కుదాకా వినిపించేలా కేకేశాడు:

"రైట్! రైట్!"

విమానం కదిలింది.

తన కేకకే కదిలిందని ఆయన ఈనాటికీ నమ్ముతాడు. నర్సమ్మ కూడా, గుర్రును ఒళ్ళో పెట్టుకుని ఆ కథ ఎన్నోసారో వింటూ, ఇంతవరకు కాదనలేదు.