పైకెత్తి తిప్పండి

ఆ రోజు వినియోగదారుల రక్షణ కమిషనర్ గారి ఉదయం పని చాలా సులువైనది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదింటికి సభకు వెళ్లి మంత్రిగారి చేత హెల్ప్‌లైన్ ప్రారంభింపజేయాలి. ఉపన్యాసం అప్పటికే నోటికి వచ్చేసింది. అయినా అద్దం ముందు ఇంకోసారి అప్పజెప్పుకుంటే పోయేదేముందని ఫోన్ కూడా పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు.

ఆయనకు ఆ సభ ఎంత ముఖ్యమో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ పదవిలోకి రాకముందు ఆయన పేరుమోసిన లాయరు. ఎవరి తరఫునంటారా, కంపెనీల తరఫున. తిరగని ఫ్యాను, చల్లబడని ఫ్రిజ్, నెల తిరక్కుండా అడుగు ఊడిన బూటు, ఏదైనా సరే, తప్పంతా కొన్నవాడిదేనని నిరూపించి పంపేవారు. దొంగదారులన్నీ తెలిసినవాడినే కాపలా పెడితే మంచిదని ప్రభుత్వం తలచింది. జనం మాత్రం అలా తలచలేదు. కుర్చీ మారినా ఆయన్ని వెనకాల 'కంపెనీ వకీలు' అనే పిలిచేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయనకు ఒళ్లు మండేది. ఈ హెల్ప్‌లైన్‌తో ఆ పేరు ఊడబెరికేయాలని పంతం పట్టారు. ఫోన్లు ఎత్తే అమ్మాయిలకు శిక్షణ కూడా తానే ఇచ్చారు. 'నేనెవరో తెలుసా' అన్నవాడు ఎంతటివాడైనా సరే, వరుసలో చివరికి పోవాల్సిందేనన్నది ఆయన పెట్టిన మొదటి నియమం.

స్నానమైంది, ఉపన్యాసమూ అయింది. తువ్వాలు చుట్టుకుని పిడి తిప్పారు. తలుపు రాలేదు. కాస్త పైకెత్తి తిప్పారు. అయినా రాలేదు. రెండు చేతులా ఎత్తి, పళ్లు బిగబట్టి తిప్పారు. తాళం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

అప్పుడు ఆయన పిడి వదిలేసి తాళం వంక తేరిపార చూశారు. ఆ తాళాన్ని కోర్టులో గెలిపించింది ఆయనే. ఒక టీచరమ్మ తన ఇంటి స్నానాలగదిలో ఒక పగలంతా ఇరుక్కుపోయి కంపెనీ మీద కేసు వేసింది. ఆవిడ తమ్ముడు తలుపు బద్దలుకొట్టి బయటికి తీశాడు. లాయరు గారు లేచి రెండే మాటలన్నారు. ఒకటి, పిడిని పైకెత్తి తిప్పితే ఈ తాళం చంటిపిల్లకైనా వస్తుంది. రెండు, బద్దలుకొట్టిన తాళం సాక్ష్యానికి పనికిరాదు. కేసు అక్కడికక్కడే తేలిపోయింది. వెళుతూ వెళుతూ ఆ టీచరమ్మ, "మీరెప్పుడైనా ఆ తలుపుకి లోపలి వైపు ఉన్నారా బాబూ?" అని అడిగింది. కోర్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

ఆ సంతోషంలో కంపెనీ యజమాని రెండు తాళాలు పెట్టెలో పెట్టి, పైన రిబ్బను కట్టి మరీ ఇచ్చాడు. అవి అటక మీద పడి ఉన్నాయి. పోయిన వారం రెండు స్నానాలగదులకూ కొత్త తలుపులు పెట్టించినప్పుడు, కొత్తవి ఉండగా ఇంకా కొనడమెందుకని ఆయనే స్వయంగా నిచ్చెన ఎక్కి దించారు. భార్య పెట్టెను అనుమానంగా చూసి, ఇవి ఆ టీచరమ్మ తాళాలు కావూ అని అడిగింది. పైకెత్తి తిప్పితే చాలని ఆయన ఆవిడకూ పాఠం చెప్పారు.

"ఏమండీ, పడ్డారా?" అంది భార్య తలుపవతల నుంచి.

"పడలేదు. తాళం రావట్లేదు."

"పైకెత్తి తిప్పారా?"

ఆవిడ నవ్వాపుకుని, తలుపులు పెట్టిన వడ్రంగి పక్క వీధిలోనే ఉన్నాడు, పిలుస్తానంది.

"వద్దు. తాళం మీద ఇంకొకడి చెయ్యి పడిందంటే సాక్ష్యం పోయినట్టే. వడ్రంగే చెడగొట్టాడంటారు. నేనైతే అదే అంటాను."

"తాళం జోలికి పోకుండానే వాడు..."

"ఇది చట్టానికి సంబంధించిన విషయం. నీకు తెలియదు, ఊరుకో."

ఆవిడ ఊరుకుంది. కానీ వడ్రంగికి కబురైతే పెట్టింది, అతను వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపల కమిషనర్ గారు చట్టబద్ధంగా ముందుకు పోదామని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. ప్రారంభం పదింటికే అయినా అమ్మాయిలు పొద్దున్నే వచ్చి లైన్లు సరిచూసుకుంటున్నారు.

"అమ్మాయ్, నేను కమిషనర్‌ని మాట్లాడుతున్నాను" అన్నారు దర్జాగా.

వెంటనే వీణ వాయిద్యం మొదలైంది. వరుసలో ఆయన తప్ప ఇంకెవరూ లేరు. అయినా చివరికి పంపమంటే పంపాల్సిందే కదా. ఆ వాయిద్యం కూడా ఆయన ఏరి పెట్టిందే. అది మొత్తం అయ్యాక అదే గొంతు మళ్లీ పలికింది. ఈసారి ఆయన తానెవరో చెప్పకుండా బుద్ధిగా తన బాధ చెప్పుకున్నారు.

"కంపెనీవారి సూచన ప్రకారం పైకెత్తి తిప్పి చూశారా సార్?"

"చూశానమ్మా."

"బిల్లు ఉందా?"

"బిల్లు లేదు. అది... బహుమతిగా వచ్చింది. కంపెనీవాళ్లే ఇచ్చారు."

"డబ్బు పెట్టి కొననిదే చట్టప్రకారం మీరు వినియోగదారులు కారు సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఆయనకు కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది. ఆ వాక్యం ఆ అమ్మాయికి వల్లె వేయించింది తానే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

ఈలోగా ఆయన పీఏ ఇంటి ఫోన్‌కి చేశాడు. మంత్రిగారు బయల్దేరారట, సార్ ఇంకా ఎందుకు రాలేదని కంగారు. మొగుడు తువ్వాలు కట్టుకుని స్నానాలగదిలో ఉన్నాడని ఏ ఇల్లాలు మాత్రం చెబుతుంది? పరువు కాపాడదామని ఆవిడ, సార్ ఒక ముఖ్యమైన తనిఖీలో ఉన్నారంది. ఏం తనిఖీ అంటే, తాళాల తనిఖీ అంది. అంతటితో ఆగితే బాగుండేది. ఎక్కడని అడిగితే, లోతుగా జరుగుతోంది, చెప్పకూడదంది.

పీఏ ఆ ముక్క మంత్రిగారి చెవిన వేశాడు. మంత్రిగారు మైకులు కనబడితే ఊరుకునే రకం కాదు. హెల్ప్‌లైన్ మొదలవకముందే మా కమిషనర్ తాళాల కంపెనీ మీద మెరుపుదాడిలో ఉన్నారని వేదిక మీదే చెప్పేశారు. టీవీల్లో ఎర్రటి అక్షరాలు పరిగెత్తాయి. విలేకరులు కంపెనీకి వెళితే అక్కడ తనిఖీ లేదు, యజమాని మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తన పాత లాయరు తన మీదికే వస్తాడా, ముఖాముఖి తేల్చుకుంటానని అతను కారెక్కి కమిషనర్ ఇంటికి బయల్దేరాడు. అతని వెనక విలేకరులు, వాళ్ల వెనక కెమెరాలు. తలుపు తీసిన ఇల్లాలికి తాను కాపాడిన పరువు మొత్తం ఊరేగింపుగా ఇంట్లోకి వస్తూ కనబడింది.

సంగతేమిటో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. యజమాని ముఖం వికసించింది. తలుపు దగ్గరికి వెళ్లి, కెమెరాలు చూస్తున్నాయని నిశ్చయించుకుని, ఎంతో మర్యాదగా వంగాడు.

"లాయరు గారూ, కాస్త పైకెత్తి తిప్పండి."

లోపలున్న కమిషనర్ గారు ఇదివరకు ఆ మాట తన గొంతుతో ఎన్నోసార్లు విన్నారు. తలుపుకి ఈ వైపు నుంచి వినడం ఇదే మొదటిసారి. బాగాలేదు. చాలా సిగ్గేసింది. ఆ టీచరమ్మ పగలంతా ఈ పిడితోనే కదా పెనుగులాడిందని గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. ఎవరో విలేకరి, ఈ తాళం మంచిదని వాదించి గెలిచింది మీరే కదా సార్, ఇప్పుడేమంటారని కేక వేశాడు.

ఒంటిమీద నల్లకోటు ఉన్న రోజుల్లో అయితే ఆ ప్రశ్నకి ఆయన దగ్గర అరడజను జవాబులుండేవి. కొత్త తలుపు ఉబ్బిందనొచ్చు, చెయ్యి తడిగా ఉందనొచ్చు. అలా అంటే ఈ పూటకి పరువు దక్కుతుంది, కంపెనీ వకీలన్న పేరు మాత్రం చచ్చేదాకా వదలదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఎత్తాను, తిప్పాను, రాలేదు. తాళం చెడ్డదే. కేసు నేను గెలిచాను గానీ నిజం చెప్పింది ఆ టీచరమ్మ. ఇంకో సంగతి, ఈ తాళాలు నాకు కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చారు. అదీ రాసుకోండి."

విలేకరులు గబగబా రాసుకున్నారు. భార్య ఆ మూసిన తలుపు వంక చాలా రోజుల తర్వాత ప్రేమగా చూసింది. యజమానికి మాత్రం ఒళ్లు తెలియని కోపం వచ్చింది. పిడి తిప్పడం చేతకానివాడు కమిషనరా, లోపం తాళంలో లేదు చేతిలో ఉంది, కావాలంటే చూడండంటూ రెండో స్నానాలగదిలోకి దూసుకుపోయి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినబడింది. ఒకసారి పిడి కదిలింది. మళ్లీ కదిలింది. తర్వాత అదే పనిగా కదులుతూనే ఉంది.

"ఏమండీ, ఇప్పుడైనా నా మాట వింటారా?" అంది భార్య మొదటి తలుపు దగ్గర. "తాళం ముట్టుకోనక్కర్లేదు. బందులు బయటి వైపే ఉన్నాయి. అవి విప్పితే తలుపే ఊడొస్తుంది."

"ఇంతసేపూ చెప్పవేం?"

"చట్టం తెలియదు కదా, ఊరుకున్నాను."

వడ్రంగి బందులు విప్పాడు. గడియ పడినది పడినట్టే, తాళంతో సహా తలుపు పక్కకి వచ్చింది. వెనకాల తువ్వాలు కట్టుకున్న వినియోగదారుల రక్షణ కమిషనర్ గారు దర్శనమిచ్చారు. ఆయన తొణకలేదు, బెణకలేదు. కెమెరాలకు నమస్కారం పెట్టి, లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు. సాక్ష్యం గనక తలుపును జీపు మీద కట్టించారు. బయల్దేరే ముందు రెండో తలుపు తట్టి, దీన్ని కూడా విప్పించమంటారా అని మర్యాదగా అడిగారు. విలేకరులు వింటుండగా విప్పించుకుంటే కంపెనీ మూసుకోవాల్సిందే.

"అక్కర్లేదు" అన్నాడు యజమాని లోపల నుంచి. "తాళంలో ఏ లోపమూ లేదు. నేనే వస్తాను, మీరు పదండి."

సభ ఆలస్యంగా మొదలైనా దివ్యంగా సాగింది. మంత్రిగారు బటన్ నొక్కి, మొదటి ఫోన్‌ని జనమంతా వినేలా స్పీకర్లో పెట్టమన్నారు. పక్కన నిలబెట్టిన తలుపు సంగతి ఎవరూ అడగకముందే ఫోన్ మోగింది.

"నేనెవరో తెలుసా? తాళాల కంపెనీ యజమానిని."

వీణ వాయిద్యం మొదలైంది. మంత్రిగారు తాళం వేస్తూ ఆసాంతం విన్నారు. వాయిద్యం అయ్యాక అమ్మాయి మళ్లీ వచ్చింది.

"కంపెనీవారి సూచన ప్రకారం పైకెత్తి తిప్పి చూశారా సార్?"

"ఆ సూచన రాయించింది నేనేనమ్మా."

"తిప్పి చూశారా సార్?"

"చూశాను తల్లీ, చూశాను. రావట్లేదు. మా తాళాలన్నీ ఇంతే. అన్నీ వెనక్కి తీసుకుంటాను, ముందు ఆ వడ్రంగిని పంపించు."

హాలు దద్దరిల్లేలా నవ్వారు. ఈసారి కమిషనర్ గారు నవ్వలేదు. లేచి మైకు దగ్గరికి వెళ్లి, కంఠస్థం చేసిన ఉపన్యాసం పక్కన పెట్టి, ఈ మాట రికార్డయింది, ఇదే ఉత్తర్వుగా రేపు వెలువడుతుందని ప్రకటించి, వడ్రంగికి ఫోన్ చేయమని పీఏకి చెప్పి కూర్చున్నారు. ఆ చప్పట్ల హోరులో ఆయన్ని కంపెనీ వకీలన్నవాళ్లు ఎవరూ లేరు.

మర్నాడు ఉత్తర్వు చేత్తో పట్టుకుని ఆయన స్వయంగా టీచరమ్మ ఇంటికి వెళ్లారు. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని ఆనవాలు పట్టింది. కూర్చోమనకముందే ఆయన, "ఉన్నానండీ, లోపలి వైపు" అన్నారు. ఎంతసేపని అడిగిందావిడ. ఒక పూట కూడా లేదని ఒప్పుకున్నారు. ఆవిడ, పోనీలే బాబూ, మొదటిసారి కదా అని కుర్చీ జరిపింది. అక్కడ ఆయనకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

కమిషనర్ గారింట్లో ఇప్పుడు స్నానాలగదులకి తాళాల్లేవు. లోపలున్నవాళ్లు బయటికి వినబడేలా పాడుతూ ఉండాలన్నది ఇల్లాలి నియమం. ఆయనకు పాటలు రావు గనక ఉపన్యాసం ఇస్తుంటారు.