ఐదు నక్షత్రాల తర్వాతే చెంచా

మనిషికి ఆకలి పుట్టించడం ప్రకృతి పని. ఆ ఆకలి అర్హమైనదో కాదో తేల్చడం మాత్రం నాగరికత పని. మా నగరంలో కొత్తగా తెరిచిన థాయ్ రెస్టారెంటు ఈ రెండో పనిని దీక్షగా చేస్తోంది.

నేను అక్కడికి వెళ్లింది సరదాకి కాదు. జ్వరం తగ్గి మంచం దిగినా మా అక్క నోటికి రుచి తిరిగి రాలేదు. ఏం పెట్టినా "అట్టముక్క నమిలినట్టుందిరా" అని పళ్లెం పక్కకు నెట్టేసేది. చిక్కి సగమైంది. అలాంటి మనిషి ఆ వేళ తనంతట తానే, "నిమ్మగడ్డి వేసి చేస్తారటగా, ఆ థాయ్ సూపు వేడివేడిగా తాగాలనుందిరా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

లోపల బల్లలన్నీ ఖాళీ. అయినా మమ్మల్ని గుమ్మం దగ్గరే నిలబెట్టారు. (బయట జనం కనబడకపోతే హోటలు బాగా నడుస్తోందని జనానికెలా తెలుస్తుంది?) మేమిద్దరం కలిసి ఒక క్యూలా కనబడ్డామని నమ్మకం కుదిరాక లోపలికి పిలిచారు.

కూర్చోగానే కారం నిర్ధారణ అధికారి ట్యాబ్ పట్టుకుని వచ్చాడు.

"కారం ఎంత తట్టుకోగలరమ్మా?"

"అదే తెలియట్లేదు బాబూ. నోరు చచ్చిపోయింది."

ఆయన ట్యాబ్‌లో కిందికీ పైకీ వెతికాడు. "ఆ ఆప్షన్ లేదమ్మా. 'సాహసి' అని పెట్టనా?"

అక్క సాహసి అయింది.

సూపు పొగలు కక్కుతూ వచ్చింది. అక్క చెంచా ముంచబోతే, వడ్డన చూసే కెప్టెన్ గిన్నె మీద చెయ్యి అడ్డుపెట్టాడు. "ముందు రేటింగమ్మా."

"తాగకుండానా?" అన్నాను.

"తిన్నాక ఇచ్చేవాళ్లు నిష్పక్షపాతంగా ఉండలేకపోతున్నారండీ," అన్నాడు జాలిగా. మొదట్లో తిన్నాకే అడిగేవారట. ఆ ఫలితాలు యాజమాన్యం మనసు బాగా నొప్పించాయట.

దానికి యాప్ కావాలి. యాప్‌కి ఓటీపీ కావాలి. ఓటీపీకి సిగ్నల్ కావాలి, సిగ్నల్ కోసం నేను కుర్చీ ఎక్కాను. మూడు నక్షత్రాలు నొక్కితే, మా వల్ల మీకు కలిగిన బాధేమిటో వివరంగా రాయమంది. (ఐదు నొక్కినవాణ్ణి నీకెందుకంత సంతోషమని ఏ యాప్ అడగదు.) అక్క చెంచా పట్టుకుని గిన్నెకేసే చూస్తోంది. పొగలు ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. ఐదూ నొక్కి పారేశాను.

తెర మీద పూలు రాలాయి. కెప్టెన్ చెయ్యి తీశాడు.

అక్క చల్లారిన సూపు ఒక చెంచా నోట్లో పోసుకుంది. మొహం చిట్లించింది.

"ఏమైందక్కా?"

"రుచి తెలుస్తోందిరా!" అంది. తన కళ్లలో నీళ్లు తిరిగాయి, అది చూసి నాకూ తిరిగాయి. ఖాయం చేసుకోవడానికి ఇంకో చెంచా తాగింది. "నిజంగానే తెలుస్తోంది. ఏం బాలేదు."

గిన్నె కెప్టెన్ వైపు జరిపి, "దీన్ని నువ్వెప్పుడైనా తాగావా బాబూ?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా," అన్నాడతను వినయంగా. "ఐదు నక్షత్రాలు మాత్రం ఇచ్చాను."