పాపులకు పొడి చోటు

వాన ఎవరి మీద కురవాలో నిర్ణయించే అధికారం ఇంతవరకు ఏ చక్రవర్తికీ దక్కలేదు. స్కాట్లండ్ పడమటి కొండల్లోని కిల్‌మోరిన్ ఊరి చర్చి సంఘ పెద్దలకు దక్కింది. వారి పరిపాలనలో నీతిమంతులు తడిసేవారు, పాపులు పొడిగా ఉండేవారు. ఈ ఏర్పాటు ఎవరూ కావాలని చేసింది కాదు (కిల్‌మోరిన్‌లో ఏదీ ఎవరూ కావాలని చేయరు). అయినా తీర్మానాలన్నీ వరసగా చదివితే ఎక్కడా ఒక్క తప్పు దొరకదు.

చర్చిని కట్టింది పాతకాలపు మఠం సన్యాసులు. బలిపీఠం పైన మాత్రం రాతి కప్పు వేసి, మిగతా అంతా కర్ర దూలాల మీద పలక రాళ్లు పరిచారు. తరువాత క్యాథలిక్ మతాన్ని కాదంటూ మత సంస్కరణ వచ్చింది. సన్యాసులను తరిమేశారు, బలిపీఠాన్ని పగలగొట్టారు, మఠం పొలాలను ముగ్గురు దొరలు పంచుకున్నారు. పొలాలతో పాటు చర్చి కప్పు బాగు చేయించే బాధ్యత కూడా ఆ దొరలకే వచ్చింది. ఏ పొలం ఏ దొరదో ఒక్క పూటలో తేలిపోయింది. కప్పులో ఏ చిల్లు ఏ దొరదో తేల్చే పని మాత్రం ఇప్పటి దొరల తాతల కాలం నుంచి నడుస్తూనే ఉంది.

బలిపీఠం ఉన్న చోటు పాత మతం వల్ల మైలపడింది కాబట్టి అక్కడ మర్యాదస్థులు కూర్చోకూడదని పెద్దలు తీర్మానించారు. ఊరికే వదిలేయడం ఎందుకని పశ్చాత్తాప పీటను అక్కడ వేయించారు. ఆదివారం పని చేసినవాళ్లు, తాగినవాళ్లు, ఇరుగుపొరుగును నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లు మూడేసి వారాలు ఆ పీట మీద జనానికి ఎదురుగా తల దించుకుని కూర్చోవాలి. నెత్తి మీద రాతి కప్పు ఉంది కాబట్టి ఆ దించుకున్న తల మీద చుక్క పడేది కాదు.

ఈ సంగతి మొదట పసిగట్టినవాడు కమ్మరి డూగల్. గుర్రాన్ని ఆదివారం పూట తిట్టినందుకు పడిన శిక్ష ముగించుకుని తన బెంచీకి తిరిగొచ్చాక, ప్రసంగం సగం కాకముందే వీపు మీదుగా చన్నీళ్లు జారుతుంటే, డూగల్ లేచి నిలబడి ఇంకో పాపం ఒప్పుకున్నాడు. మరుసటి వారం అతని బెంచీలో ఉన్నవాళ్లంతా ఒప్పుకున్నారు. కిల్‌మోరిన్‌లో అంతరాత్మలు మేల్కొన్నాయని పాస్టరు అబర్నెతీ పై అధికారులకు సంతోషంగా రాశాడు (ప్రసంగ వేదికకు విడిగా చెక్క పందిరి ఉండేది).

పీట పక్కన బెంచీలు వేశారు. అవీ చాలలేదు. పాపం ఎక్కువై చోటు తక్కువైన చోట నిబంధనలు తప్పవు. పాపం ఈ ఏటిదై ఉండాలి. ఇద్దరు సాక్షులుండాలి, వాళ్లు పొడి చోట్లో ఉన్నవాళ్లు కాకూడదు. పీట కోసం చేసిన పాపం చెల్లదు, మనస్ఫూర్తిగా చేసి ఉండాలి. వంతు వచ్చేదాకా ప్రతి ఆదివారం హాజరు కావాలి, లేదంటే వంతు పోతుంది. కప్పు విషయంలో ఏనాడూ ఒక్క మాట మీదికి రాని ముగ్గురు దొరలు, తాము ఫలానా ఆదివారం కలిసి తాగామని మాత్రం ఒక్క సాయంత్రంలో ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. వారి పాపాన్ని శాశ్వత ప్రాతిపదికన నమోదు చేసి, పీట మీద దిండ్లు వేశారు.

ఇంత పాపాత్ముల ఊళ్లో గ్రిజెల్ టల్లక్ అనే ముసలావిడకు పాపం లేకపోయింది. ఉన్ని వడుక్కుని బతికే విధవరాలు. ఆవిడ చోటు సరిగ్గా అన్నిటికన్నా పెద్ద చిల్లు కింద. అదే బెంచీలో నాని నాని, ఆవిడ భర్త రొమ్ము పట్టేసి పోయాడు. ఈ ఏడు ఆవిడకూ అదే దగ్గు మొదలైంది. ఇంకో చలికాలం అక్కడ కూర్చుంటే తానూ పోతానని ఆవిడకు స్పష్టంగా తెలుసు. మానేద్దామంటే, పేదలకిచ్చే ఓట్స్ పిండి ప్రసంగం చివరిదాకా కూర్చున్నవాళ్లకే చర్చి గుమ్మం దగ్గర కొలిచి ఇస్తారు. ఆ పిండి లేకపోతే ఆవిడ పొయ్యి మీదకు కుండ ఎక్కదు.

పక్కింటి బెథియా ఒక ఉపాయం చెప్పింది. "నన్ను తిట్టవ్వా. సంతలో, నలుగురి ముందూ తిట్టు. నేనూ తిడతాను. ఇద్దరం పీటెక్కుదాం" అంది. ఊళ్లో ఆడవాళ్లు అప్పటికే ముందుగా మాట్లాడుకుని మరీ జుట్లు పట్టుకుంటున్నారు. గ్రిజెల్ సరేనంది. సంతలో నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఏమే బెథియా" అని గట్టిగానే మొదలుపెట్టింది. తరువాత ఏమనాలో తోచక, పిల్లదానికి జ్వరం తగ్గిందా అని అడిగింది. బెథియా తగ్గిందని చెప్పింది. సాక్షులు నిరాశగా వెళ్లిపోయారు.

చివరికి గ్రిజెల్ నేరుగా పెద్దల ముందుకే వెళ్లింది. పెద్దల్లో ఒకడైన పిండిమర యజమాని నినియన్ విచారణ జరిపాడు.

"ఏం పాపం చేశావవ్వా?"

"చాలా చేశానయ్యా."

"చాలా అంటే కుదరదు. ఒకటి చెప్పు."

ఆవిడ గొంతు సవరించుకుంది. కొండ మీది పునీత మోరిన్ బావి దగ్గరికి వెళ్లానని, దగ్గు పోవాలని మొక్కుకుని అక్కడి ముళ్లచెట్టుకు గుడ్డ పీలిక కట్టానని చెప్పింది. ఇది చిన్న పాపం కాదు. పాత మతపు ఆచారం, నిషేధాల్లో మొట్టమొదటిది. పెద్దలంతా నీళ్లు నమిలారు.

"ఆ చెట్టుకు పీలికలెక్కడున్నాయమ్మా? ఆ ఆచారం ఈ ఊళ్లో పోయి ఎంతకాలమైంది" అన్నాడు నినియన్.

"మీ ఇంటావిడ ఎర్ర లంగా పీలిక ఉందిగా అయ్యా. దాని పక్కనే కట్టాను."

విచారణ రాసుకుంటున్న సంఘం గుమాస్తా కలం కింద పెట్టేశాడు. పాస్టరు అబర్నెతీ కిటికీలోంచి వానను చూస్తూ, ఊళ్లో లేని పాపానికి శిక్ష వేయడం న్యాయం కాదన్నాడు. తీర్పు అందంగా వచ్చింది: దరఖాస్తుదారు నిర్దోషి, అందుకు చింతిస్తూ దరఖాస్తు తిరస్కరించడమైనది.

ఆ ఆదివారం మంచుతో కలిసిన వాన పడింది. మొదటి కీర్తన అయ్యేసరికి గ్రిజెల్ శాలువా బరువెక్కి భుజాలు లాగేస్తోంది. దగ్గు ఆగడం లేదు. చుట్టుపక్కలవాళ్లు ప్రసంగం వినబడక విసుక్కుంటున్నారు. ఆవిడ లేచింది. ఎవరినీ చూడకుండా నడవ దాటి, పాపుల మధ్యకు వెళ్లి, దొరల పక్కన పీట చివర కూర్చుంది. ముసలి దొర కొంచెం జరిగి చోటిచ్చాడు (ఆయన నిద్రలో ఉన్నాడు). గ్రిజెల్‌కు సిగ్గేసింది, కానీ సిగ్గుకన్నా హాయి ఎక్కువగా ఉంది. మెడ మీద నీళ్లు పడకుండా వాక్యం వినడం ఆవిడకు ఎన్నో ఏళ్లలో అదే మొదలు.

ప్రసంగం కాగానే పెద్దలు అక్కడికక్కడే సమావేశమయ్యారు. పాపం లేకుండా పీట ఎక్కడం సంఘాన్ని మోసగించడమే. సాక్షులకు కొదవ లేదు, ఊరంతా చూసింది.

"అయితే నేను పాపినేనా అయ్యగారూ?" అని అడిగింది గ్రిజెల్.

"సందేహం లేదమ్మా" అన్నాడు పాస్టరు.

"దేవుడికి స్తోత్రం."

"శిక్ష పీటే" అన్నాడు నినియన్. "కాకపోతే పీట ఖాళీ లేదు. నీ వంతు వేసవిలో వస్తుంది. ఇంకో మాట. దానం పిండి మంచి నడవడిక ఉన్నవాళ్లకే. నీ మీద పాపం రుజువైంది కాబట్టి ఇవాళ్టి నుంచి నీకు లేదు."

"అందాకా ఎక్కడ కూర్చోమంటారు?"

"నీ చోట్లోనే అవ్వా. అది నీకెప్పుడూ ఉంటుంది."

ఆ చలికాలమంతా బెథియా తన ఇంటి జావలోంచి ఒక గిన్నె పక్కకు తీసి పెట్టింది. ఇంకో తగువులో తనకు దక్కిన పీట వంతును అవ్వకు ఇవ్వమని పెద్దలను బతిమాలింది కూడా. ఒకరి పాపం ఇంకొకరి పేరు మీదకు మార్చే వీల్లేదని జవాబొచ్చింది. వంతు పోతుందన్న భయంతో గ్రిజెల్ ఒక్క ఆదివారం కూడా మానలేదు. చిల్లు కింద కూర్చుని, శాలువా నెత్తి మీదకు లాక్కుని, ఎదుటి రాతి కప్పు వంకే చూస్తూ దగ్గేది. ఎవరైనా పలకరిస్తే, వేసవికి నేనూ అక్కడికి వెళ్తాను అని చెప్పేది.

వేసవిలో ఆవిడ వంతు వచ్చింది. గుమాస్తా పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. ఈసారి బెథియా లేచి నిలబడింది.

"ఆవిడ పోయింది కదయ్యా, చలి తగ్గకముందే. మీరంతా వచ్చి పాతిపెట్టారు."

గుమాస్తా పాస్టరు వంక, పాస్టరు నినియన్ వంక చూశారు. పోయేముందు ఆవిడ సెలవు అడిగిందా అన్నాడు నినియన్. బెథియా ఏడుస్తూ లేదంది. పెద్దలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నాక గుమాస్తా తీర్మానం చదివాడు: గ్రిజెల్ టల్లక్, అనుమతి లేకుండా గైర్హాజరు. శిక్షను మరో మూడు ఆదివారాలు పొడిగించడమైనది. అంతవరకు పీట మీద ఆమె చోటును ఇంకెవరికీ ఇవ్వరాదు.