బాపు పోయిండు

ఆ రోజుకు శ్రవణ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దెక్కేదాకా పడుకోవాలి, తాను పడుకున్నంతసేపూ ఏఐ పని చేయాలి, లేచేసరికి పేజీ ఇంకాస్త పెరిగి ఉండాలి. ఇంత తక్కువ కోరుకునే మనిషిని కూడా దేవుడు వదిలిపెట్టలేదంటే, ఆ తప్పు దేవుడిది కాదు.

హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు గల్లీ చివర వాళ్ల ఇల్లు. కింద కొట్టంలో ఆరు బర్రెలు, పక్క గదిలో తల్లి లలితమ్మ, తండ్రి కృష్ణయ్య. పైన రేకుల గదిలో శ్రవణ్. తాతల నాటి పాల వ్యాపారం కొడుక్కి నచ్చలేదు. పేడ వాసన పడదని ఫ్లెక్సీల దుకాణంలో డిజైనర్‌గా చేరాడు. జనం తమ పుట్టినరోజు ఫ్లెక్సీలు తామే ఫోన్లో ఏఐతో చేసుకోవడం మొదలుపెట్టాక ఆ దుకాణం మూతపడింది. ఏ ఏఐ తన కూడు లాక్కుందో దానితోనే కూడు సంపాదించాలని శ్రవణ్ పంతం పట్టాడు. ఆ పంతానికి 'పాల బాపు మాట' అని పేరు పెట్టి పేజీ తెరిచాడు.

సరుకు ఇంట్లోనే ఉంది. కృష్ణయ్య పొద్దున బర్రెల దగ్గర ఎవరినో ఒకరిని తిట్టకుండా పాలు పిండడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని లలితమ్మ ఆ తిట్లన్నీ వాయిస్ మెసేజ్‌లో కొడుక్కి పంపుతుంది. ఏఐ వాటిని కడిగి, తుడిచి, వార్తలు చదివే తెలుగులోకి మార్చి, తెల్ల మీసాల ముసలాయన ఒకాయన చేత చెప్పిస్తుంది. కృష్ణయ్య బూతుతో మొదలుపెట్టిన మాట ఆ ముసలాయన నోట్లో సూక్తి అవుతుంది. మొహం కృష్ణయ్యదే, కానీ మెరుగు పెట్టిన మొహం. గడ్డి కోసే మిషన్‌లో పడి కృష్ణయ్య కుడి చూపుడువేలు సగానికి తెగిపోయి చాలా ఏళ్లయింది. ఏఐ దయతలచి అది కూడా అతికించింది.

"పాలు పిండనోడు పాల బాపు ఎట్లైతడురా?" అని కృష్ణయ్య ఒకసారి ఆ వీడియో చూసి అడిగాడు. మరునాడు ఆ ప్రశ్న కూడా సూక్తిగా వచ్చింది.

పేజీకి సంపాదన మొదలు కావాలంటే పేజీలు నడిపే కంపెనీవాళ్లు గీసిన గీత ఒకటి దాటాలి. గడువులోగా అన్ని వ్యూస్ రావాలి. ఆ గడువు ఆ రోజు మధ్యాహ్నంతో సరి. అందుకని ముందురోజు రాత్రి శ్రవణ్, 'నన్ను అడగకుండానే పోస్ట్ చెయ్' అన్న మీట నొక్కి దుప్పటి ముసుగేశాడు. అమ్మ మాట పంపడం, ఏఐ వీడియో చేయడం, లోకం చూడడం. మధ్యలో తన అవసరం లేకుండా పోయినందుకు అతనికి ఎంతో హాయిగా ఉంది.

నిజానికి ఆ పొద్దున అతని అవసరం ఒకచోట ఉంది. బహదూర్‌పురాలో మిఠాయి దుకాణం నడిపే బాలకిషన్ సేటుకు కోవా కోసం ఏడాది పొడుగునా పాలు కావాలి. పాత ఖాతాలవాళ్లలో చాలామంది ప్యాకెట్ పాలకు మళ్లాక, కృష్ణయ్యకు మిగిలిన ఆశ ఆ బేరం ఒక్కటే. కుదిరితే ఆరు బర్రెలూ ఉంటాయి. లేదంటే రెండింటిని అమ్మి మిగతావాటికి దాణా కొనాలి. సేటు కాగితాలు రాసే మనిషి కాదు, నోటితో జబాన్ ఇస్తాడు, ఇచ్చాక తల తెగినా మార్చడు. "నీ పాల మీద నాకు ఫికర్ లేదు కృష్ణయ్యా. నీ తర్వాత ఎవరు పోస్తరన్నదే ఫికర్. కొడుకును తోలుకొని రా, ఇద్దరి ముందట జబాన్ ఇస్తా" అన్నాడు.

కృష్ణయ్య తెల్లవారుజామున మెట్ల కింద నిలబడి పిలిచాడు. గొంతు పోయేదాకా పిలిచాడు. చివరికి ఛార్జింగ్ అయిపోయిన బటన్ ఫోన్‌ను కొట్టం గూట్లో వదిలేసి, టీవీఎస్ బండి తీసుకుని ఒక్కడే బయలుదేరాడు. బండి గల్లీ దాటాక లలితమ్మ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"శ్రవణూ, బాపు పోయిండురా. ఎంత పిల్సినా నువ్వు లేవకపోతివి. సూసి సూసి ఆయనొక్కడే పోయిండు. పోంగ పోంగ గుడ నీ పేరే తీసిండు."

శ్రవణ్ ఫోన్ మోతకు లేచేసరికి ఎండ రేకుల మీదికి వచ్చింది. పేజీ తెరిచాడు. తెల్ల మీసాల ముసలాయన ఫొటోకు దండ, ముందు దీపం, వెనక పిల్లనగ్రోవి. వార్తలు చదివే గొంతు చెబుతోంది: "పాల బాపు ఇక లేరు. హుస్సేనీ ఆలంకు చెందిన శ్రీ కృష్ణయ్య గారు ఈ ఉదయం కన్నుమూశారు. కుమారుడి కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, ఒంటరిగానే వెళ్లిపోయారు. తుదిశ్వాసలోనూ ఆ కన్నకొడుకు పేరే తలచుకున్నారు."

శ్రవణ్ మెట్లన్నీ ఒక్క దూకులో దిగాడు.

"అమ్మా! బాపు ఏడి?"

"పోయిండని చెప్తిని గద!" లలితమ్మ బియ్యం కడుగుతూ అంది.

"ఏడికి పోయిండు?"

"ఏడికి పోతడు? బహదూర్‌పురాకు! నిన్ను గుడ రమ్మనె గద. లేస్తివా నువ్వు?"

అప్పుడు అర్థమైంది. హుస్సేనీ ఆలంలో మనిషి రోజుకు పదిసార్లు పోతాడు. దాణాకు పోతాడు, దావత్‌కు పోతాడు, పోయిన ప్రతిసారీ తిరిగి వస్తాడు. ఏఐ చదువుకున్న తెలుగులో మాత్రం మనుషులు వెళతారు, పోవడమంటూ జరిగితే ఒక్కసారే.

మళ్లీ పైకెక్కి, ఆ వీడియో తీసేద్దామని వేలు పెట్టాడు. పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది. ఇన్ని నెలలు బాపు చెప్పిన సూక్తులన్నీ కలిపినా రానన్ని వ్యూస్, బాపు చచ్చిపోయిన గంటల్లోనే వచ్చాయి. ముక్కూమొహం తెలియని వాళ్లు ఏడుస్తున్నారు. గీత దగ్గరికి వస్తోంది. బాపు బతికే ఉన్నాడు కదా, ఇంకొక్క గంట పోయి ఉంటే ఏమవుతుంది అనుకున్నాడు. అలా అనుకున్నందుకు లోపల ఎక్కడో చురుక్కుమంది. అంకె పెరిగింది, చురుకు తగ్గింది.

ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తితే నిజం చెప్పాలి. చెబితే అది పాకుతుంది, పాకితే అంకె ఆగుతుంది. మోత తీసేసి ఫోన్‌ను చూస్తూ కూర్చున్నాడు. తెలియని నంబరొకటి రెండుసార్లు వచ్చి పోయింది.

గల్లీలో ఆటో ఆగింది. టెంట్‌హౌస్ ఎల్లేష్ బొంగులు, తాళ్లు, కుర్చీలు దింపిస్తున్నాడు. కృష్ణయ్యకు చిన్ననాటి దోస్తు. ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

"ఏందిది ఎల్లేషన్నా, ఎవరింట్ల దావత్?" లలితమ్మ గుమ్మంలోకి వచ్చి అడిగింది.

ఎల్లేష్ కళ్లు తుడుచుకున్నాడు. "వదినా... కృష్ణన్న పోయిండు గద!"

"అవ్, పోయిండు. అన్నం యాల్లకు వస్తడు."

ఎల్లేష్ ఒక్క క్షణం ఆమెను చూసి, ఎదురింటి విమలాదేవిని పక్కకు పిలిచాడు. "మనసు మీద మస్తు దెబ్బ పడ్డది. జర పట్టుకోండ్రి."

విమలాదేవి వచ్చి లలితమ్మను వాటేసుకుంది. ఇంకో నలుగురు వచ్చి విమలాదేవిని వాటేసుకున్నారు. "ఏమైందే మీకు? ఆయన వస్తడు! అన్నం గుడ పెట్టిన!" అని లలితమ్మ మొత్తుకున్నకొద్దీ వాళ్ల ఏడుపు హెచ్చింది. ఇంతలో డప్పులవాళ్లు వచ్చి, డప్పులు కాచుకోవడానికి కాగితాలకు నిప్పు పెట్టారు. పాలు పోయించుకునేవాళ్లు దండలతో వచ్చి, దండ ఎవరికి వేయాలో తెలియక కుర్చీకి వేశారు. ఎవరో ఒకావిడ లలితమ్మ గాజుల వైపు చూసి, ఆమె చెయ్యి పట్టుకుంది. లలితమ్మ కొట్టంలో చీపురు అందుకుంది. ఆ తర్వాత ఆమె దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

ఇదంతా శ్రవణ్ పైనుంచి చూస్తూనే ఉన్నాడు. ఒక్క కేక వేస్తే అయిపోయేది. అతను అంకెను చూశాడు. ఇంకొంచెమే ఉంది. కన్నతల్లి చీపురు పట్టుకుని గల్లీనంతా శపిస్తుంటే, కొడుకు మెట్ల మీద కూర్చుని ఆ ఇంకొంచెం కోసం కాచుకున్నాడు. మనిషిని ఏఐ ఏమీ చేయలేదని, చేసేదంతా మనిషే చేసుకుంటాడని పెద్దవాళ్లు చెప్పలేదు. వాళ్ల కాలంలో ఏఐ లేదు, మనుషులు మాత్రం ఇలాగే ఉండి ఉంటారు.

గీత దాటింది. 'అభినందనలు, మీ పేజీ ఇక సంపాదించగలదు' అని వచ్చింది. అప్పుడే గల్లీ మొదట్లో టీవీఎస్ చప్పుడు వినిపించింది.

కృష్ణయ్య ఇంటి ముందు టెంట్ చూసి బండి ఆపాడు. డప్పులు చూశాడు. తల మీది రుమాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరు పోయిన్రు ఎల్లేషూ?"

ఎల్లేష్ తలెత్తి చూశాడు. తాడు వదిలేశాడు. టెంట్ ఒక పక్కకు ఒరిగింది. "నువ్వే అన్నా" అన్నాడు చివరికి.

పట్టుకున్న నవ్వు ఎవరో ఆపుకోలేకపోయారు. గల్లీ అంతా నవ్వింది. కృష్ణయ్య మాత్రం నవ్వలేదు. పడిన కుర్చీ ఒకటి ఎత్తి దాని మీద కూర్చున్నాడు.

"సేటు పూజల ఉన్నడంటే నన్ను ఎనుక అర్రల కూసోవెట్టిన్రు" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "నేను ఎనుక ఉన్న ముచ్చట ఆయనకు తెల్వది. ముందట గద్దె మీద కూసోని ఫోన్ల సూసిండంట, కృష్ణయ్య పోయిండని. గప్పుడే ఇంకో పాలాయన వచ్చిండు, నేను పోస్త పాలు అన్నడు. సేటు ఆయనకు జబాన్ ఇచ్చిండు. తర్వాత కోవా సూడనీకి ఎనుకకొస్తే నేను చాయ్ తాగుతున్న. గంటె పారేసి, రామ్ రామ్ అనుకుంట ఉరికిండు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"వాపస్ తీసుకొమ్మను బాపూ, నేనొచ్చి మాట్లాడ్త" అన్నాడు శ్రవణ్, మెట్లు దిగుతూ.

"జబాన్ అది. నీ వీడియో కాదు, తీసేయనీకి." కృష్ణయ్య అప్పుడు కొడుకు మొహంలోకి చూశాడు. "ఇచ్చే ముందట నీకు రెండుసార్లు ఫోన్ కొట్టిండంట. బాపు బతికే ఉన్నడని ఒక్క మాటంటే ఆగేటోన్ని అన్నడు. ఎందుకు ఎత్తలే? పండుకున్నవా?"

పడుకున్నానని చెబితే సరిపోయేది. తండ్రి దానికి అలవాటుపడ్డాడు, తిట్టి ఊరుకునేవాడు. శ్రవణ్ నోరు తెరిచాడు. లలితమ్మ చీపురు కింద పెట్టింది.

"లేసే ఉండె" అంది. "బాపు ఏడి అని నన్నొచ్చి అడిగిండు. నేను చెప్పిన."

కృష్ణయ్య రుమాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. లేచి బర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన తిట్టకుండా కొట్టంలోకి వెళ్లడం శ్రవణ్ పుట్టాక అదే మొదటిసారి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలాగో అతనికి అప్పుడు బాగా తెలిసింది.

పట్టుకున్న ఆకు ఇది. దండ వీడియో తీసేసి, తండ్రిని బతిమాలి, కొట్టంలోనే లైవ్ పెట్టాడు. సాయంత్రం పాలు వస్తాయో రావోనని ఖాతాలవాళ్లు ఎటైనా పోతారన్న భయంతో కృష్ణయ్య ఒప్పుకున్నాడు. కెమెరాకు దండం పెట్టి, "నేను బతికే ఉన్న. పాలు ఎప్పటిలెక్కనే వస్తయ్" అన్నాడు.

కామెంట్లు వర్షంలా పడ్డాయి. "చేతులు చూడండి ఫ్రెండ్స్, చూపుడువేలు సగమే ఉంది. ఏఐ ఎప్పుడూ వేళ్ల దగ్గరే దొరికిపోతుంది." "అసలు పాల బాపుకు అయిదు వేళ్లూ నిండుగా ఉండేవి. పాత వీడియోలు చూసుకోండి." "చనిపోయిన పెద్దాయన బొమ్మను ఆడించి డబ్బులు సంపాదిస్తారా? సిగ్గు లేదా?" "ఆ కన్నకొడుకు ఎక్కడున్నాడో, ఈ దుర్మార్గం చూస్తే గుండె పగిలేది."

కృష్ణయ్య ఫోన్ వైపు వంగి, "ఏమంటున్నర్రా?" అని అడిగాడు. శ్రవణ్ చదివి వినిపించలేదు.

అందరూ కలిసి ఫిర్యాదు చేశారు. కంపెనీలో ఆ ఫిర్యాదు చూసింది కూడా ఏఐనే. 'కృత్రిమంగా తయారుచేసిన తప్పుడు వీడియో' అని బతికున్న కృష్ణయ్య మీద ముద్ర వేసి, శ్రవణ్ పేజీకి పొద్దున ఇచ్చిన సంపాదనను సాయంత్రానికల్లా రద్దు చేసింది. శ్రవణ్ తీసేసిన దండ వీడియోను అప్పటికే ఎన్నో పేజీలు ఎత్తుకుపోయాయి. దాని మీద ఏ ముద్రా పడలేదు. ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఎవరికో డబ్బులు కూడా వస్తున్నాయి.

పాలు పోయించుకునేవాళ్లకు మాత్రం పెద్దగా ఇబ్బంది కాలేదు. మరునాడు కృష్ణయ్య పాలు పోస్తుంటే, ఒకరిద్దరు ఆ సగం వేలిని కాసేపు అనుమానంగా చూసి, తర్వాత గిన్నె పట్టారు.

పై వారం కొట్టంలో రెండు గుంజలు ఖాళీ అయ్యాయి. కొనుక్కున్నవాళ్ల బండి దాకా బర్రెలను తోలింది శ్రవణే. తండ్రి చెప్పలేదు, అతనే లేచాడు, చీకటితోనే లేచాడు. లేవగలడని ఇంట్లో అందరికీ ఆ రోజు తెలిసింది. పేడ ఎత్తి, కొట్టం కడిగి, తండ్రి ఎదుట నిలబడ్డాడు. కృష్ణయ్య పాల క్యాను అతని చేతికిచ్చాడు, మాట ఇవ్వలేదు.

ఎదురింటి విమలాదేవి గుమ్మంలో ముగ్గు వేస్తూ తల ఎత్తింది. "రెండు బర్లు కనబడ్తలేవు, ఏడికి పోయినయ్ వదినా?"

లలితమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. గూట్లో ఉన్న కొడుకు ఫోన్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నది:

"వెళ్లాయి."